మందారం మీదికెక్కిన రాధామనోహరం

రాధామనోహరం పూత చూసి ముచ్చటపడని వాళ్లు అరుదు. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆపైన ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. ఇక వాసన సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా సరే, దాన్ని మందారం పక్కన నాటుతామని ఎవరన్నా నేను అడ్డుపడతాను. కావలిలో మా అత్తగారి పెరట్లో ఆ తీగ ఏం చేసిందో చూసినదాన్ని, దాన్ని విడదీసినదాన్ని కూడా.

ఇల్లు మామగారు కట్టించినది. పెరటి గోడ వెంట వరసగా రెండు మందారాలు, ఒక ముద్ద నందివర్ధనం, ఎర్ర గన్నేరు, మూలన గోరింట ఉన్నాయి. మామగారు పోయాక అత్తయ్య ఒక్కరే ఉన్న ఆ కొన్నేళ్లలో కొమ్మ కత్తిరించే మనిషి లేకపోయాడు. మావారు రిటైరై మేం కావలి చేరేసరికి గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే ఆకుపచ్చ గుట్ట. ఏది చెట్టో ఏది తీగో తెలియదు. పూలన్నీ మేడ పిట్టగోడ ఎత్తున పూస్తున్నాయి. పూజకు నాలుగు మందారాలు కావాలంటే అత్తయ్య నిచ్చెన వైపు చూసేవారు.

గుట్ట లోపలికి తొంగిచూస్తే అసలు సంగతి బయటపడింది. ఒకే తీగ కిందున్న మూడు చెట్లు మూడు రకాలుగా ఉన్నాయి. మందారం కొత్త చిగురు మీద మొగ్గ తొడుగుతుంది, చిగురు రావాలంటే ఎండ తగలాలి. అందుకని లోపలి కొమ్మలన్నీ ఎండుపుల్లలై, గోడ బయటికి చాచిన రెండు మూడు కొమ్మల చివర మాత్రమే పూలున్నాయి. నందివర్ధనానికి అంత ఎండ అవసరం లేదు. నీడలో కాస్త సన్నబడినా నిగనిగలాడే ఆకుతో నిలబడే ఉంది. గన్నేరు మాత్రం పొడవాటి కొమ్మలు పైకి తోసి, తీగను చీల్చుకుని బయటపడింది. తీగ అందరినీ ఒకేలా నొక్కదన్నమాట. ఏ చెట్టు మీద ఏ తీగను ఎక్కించవచ్చో ఆలోచించడం నాకు అక్కడే మొదలైంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటేముందు మా జిల్లా మీద పడ్డ వాన, వీచిన గాలి ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటాయి. మామూలుగా మందారం గాలికి అంత తొందరగా పడే చెట్టు కాదు, ఊగి సర్దుకుంటుంది. గాలి దాని కొమ్మల సందుల్లోంచి దూసుకుపోతుంది. తీగ కప్పిన మందారానికి ఆ సందులు లేవు. నాలుగు వైపులా తడిసిన గొంగడి కప్పుకున్నట్టు ఆ బరువంతా మోస్తూ నిలబడాలి. రెండిట్లో పెద్ద మందారం వేళ్లు పైకి లేచి గోడ మీదికి ఒరిగింది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. తుపాన్లు వచ్చేదీ అప్పుడే, తీగ బాగా బలిసి ఉండేదీ అప్పుడే. ఇంగ్లీషు తోటల పుస్తకాల్లో ఈ లెక్క దొరకదు.

ఆ పుస్తకాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. చలిదేశాల్లో క్లెమాటిస్ అనే తీగను గులాబీ పొదల మీదా ఇతర పొదల మీదా పాకించడం పెద్ద ముచ్చట. వేసవి చివర పూసే రకాలను చలికాలం వెళ్లిపోయే ముందు నేలకు ఒక అడుగు ఎత్తున కోసేస్తారు. ఏడాది పొడవునా అల్లుకున్నదంతా తీసేసి చెట్టుకు ఊపిరి ఇస్తారు, వసంతంలో తీగ మళ్లీ మొదటి నుంచి ఎక్కుతుంది. క్లెమాటిస్‌తో మనకు పని లేదు గాని ఆ పద్ధతి నాకు నచ్చింది. ఏటా నేలకు కోసినా బాధపడని తీగే చెట్టు మీదికి పనికొస్తుంది. ఏళ్ల తరబడి మాను కట్టే తీగకు దాని పందిరి దానికి ఉండాలి. మా పెరట్లో జరిగిన పనంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టాం. ఆ సమయం కావాలనే ఎంచుకున్నాం. వానలు ఆగి ఉంటాయి, ఎండలు ఇంకా ముదరవు. నీడకు అలవాటు పడ్డ కొమ్మల మీది తీగను ఏప్రిల్‌లో లాగేస్తే ఆ కొమ్మల బెరడు ఎండకు కాలిపోతుంది. మే నెలలో మా వైపు పడమటి గాలి వీచే రోజుల్లో 44 డిగ్రీలు దాటడం వింత కాదు. జనవరిలో తీసేస్తే రోహిణి కార్తె వచ్చేలోగా చెట్టు తన ఆకుతో తన ఒంటిని కప్పుకోగలుగుతుంది.

సాయానికి వచ్చిన పెద్దాయన వయసులో ఉండగా తమలపాకు తోటల్లో పనిచేశారు. నేను కత్తెర పట్టుకుని తీగను పైనుంచి లాగబోతుంటే వద్దన్నారు.

"లాగొద్దమ్మా. మొదట్లో కోసి వదిలేయండి. వాడనివ్వండి, అప్పుడు అదే చెబుతుంది ఏది తీగో ఏది కొమ్మో."

ఎందుకు లాగకూడదో ఒక తీగ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూపించారు. రాధామనోహరం ఆకు రాలినా తొడిమ మొదలు రాలదు. అక్కడే ఉండి గట్టిపడి, కిందికి వంగిన ముల్లులా తయారవుతుంది. పాత తీగ నిండా రెండు అంగుళాలకొకటి చొప్పున ఇవే. తీగ పైకి పాకేది కొంత ఈ కొక్కేల ఆసరాతోనే. లాగితే ప్రతి కొక్కెం మందారం బెరడును గీరుకుంటూ వస్తుంది. బెరడు లేచిన చోట తెగులు చేరుతుంది.

కాబట్టి ముందు నేల దగ్గర మొదళ్లు వెతికాం. ఒకటనుకున్నది నాలుగైదయ్యింది, ఎందుకంటే ఈ తీగ వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. మందారం మొదలు ఏదో తీగ మొదలు ఏదో పొరపడకుండా పాత ఎర్ర జాకెట్టు గుడ్డ చింపి చెట్ల మొదళ్లకు కట్టాను. గుడ్డ లేనిది మాత్రమే కోత. వారం పది రోజులకు తీగ ఆకు ముడుచుకుని గోధుమ రంగుకు తిరిగింది. మందారం ఆకు పచ్చగా విడిగా కనిపించింది. అప్పటికి బరువు కూడా సగం తగ్గిపోయింది. అప్పుడు మూరెడు మూరెడు ముక్కలుగా కత్తిరించి, ఏ ముక్కకు ఆ ముక్క ఎటు తేలిగ్గా వస్తే అటు తీశాం. పొడవాటి తీగను ఒక్క లాగులో తీయాలన్న ఆశ ఉంటే ఈ పనికి పూనుకోకూడదు.

లోపల ఒక మందారం కొమ్మకు తీగ మెలికలు తిరిగి బిగుతుగా చుట్టుకుని ఉంది. విప్పి చూస్తే కొమ్మ మీద బొటనవేలు పట్టేంత గాడి మెలికలు తిరిగి పైదాకా పోయింది. కొమ్మ లావయ్యే కొద్దీ తీగ బిగుసుకుంది, గాడికి పైనున్న భాగం ఉబ్బింది. అలాంటి కొమ్మలు గాలికి ఆ గాడి దగ్గరే విరుగుతాయి. వాటిని రంపంతో కోసేశాం. కందిరీగల గూడు ఒకటి కనబడితే పొద్దు పోయాక పని పెట్టుకున్నాం. గోరింట వైపు మూలలో తేనెపిట్ట గూడు వేలాడుతోంది. అటువైపు తీగను పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టుకోవద్దని అత్తయ్య గట్టిగా చెప్పారు. ఆ మూల పని మార్చిలోకి జరిగింది, పెద్ద నష్టమేమీ లేదు.

గన్నేరు దగ్గర మాత్రం జాగ్రత్త వేరే. దాని పాలు, ఆకు, పుల్ల అన్నీ విషమే, కాల్చిన పొగ కూడా మంచిది కాదు. కత్తిరించిన తీగలు మేకలకు వేస్తానని పక్కవీధి అబ్బాయి వస్తే, గన్నేరు కొమ్మ ఒక్కటి కూడా కలవకుండా ఏరి విడిగా గోనెసంచిలో కట్టాకే మిగతావి తీసుకోనిచ్చాం. గన్నేరు మీద ఇక ఏ తీగనూ ఎక్కించకూడదని కూడా అప్పుడే అనుకున్నాను. ఏటా దాని కొమ్మల మధ్య చెయ్యి పెట్టి తీగ కోయడం ఎవరి తరం?

అదే గన్నేరు మీద రాధామనోహరంతో పాటు మరో తీగ దొరికింది. తిప్పతీగ. 2020లో కరోనా రోజుల్లో కషాయం కోసమని ఎవరో ఒక ముక్క ఇస్తే అత్తయ్య గోడ వారన గుచ్చారట. ఆ ఏడాది తిప్పతీగ గుచ్చని పెరడు మా వీధిలో లేదేమో. దీని దగ్గర పైన చెప్పిన 'కోసి వాడనివ్వడం' పనిచేయదు. మొదలు కోసేసినా పైనున్న తీగ తన కాండంలోని తేమతో బతికే ఉంటుంది, దారాల్లాంటి ఊడలను గాలిలోకి దించుతుంది. మేం చూసేసరికి ఎప్పుడో తెగిన పాత తీగ ఒకటి నేలతో సంబంధం లేకుండా కొమ్మల్లో వేలాడుతోంది. దాని నుంచి సన్నని పచ్చటి ఊడ ఒకటి కొమ్మల మధ్యగా దిగి, నేలకు జానెడు ఎత్తున ఆగి ఉంది. ఇంకో నెల అయితే మట్టిని అందుకునేది. తిప్పతీగను అప్పటికప్పుడు మొత్తం దించాలి, ముక్కలు పెరట్లో పడేయకూడదు. పసుపుపచ్చ దారాల పోగులా ఉండే సీతమ్మ పోగునూలు కనిపిస్తే అది పట్టిన కొమ్మనే కోసి పారేయాలని పెద్దాయన అన్నారు. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుందట. మా అదృష్టం, అది లేదు.

ఒరిగిన మందారాన్ని నిలబెట్టి, మట్టి కప్పి, సరుగుడు కర్ర ఊతం ఇచ్చాం. రెండు మందారాలనూ మూడో వంతు కత్తిరించి, పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, ఎండుటాకులు మందంగా పరిచాం. వేళ్లు లేచిన చెట్టు బతకదేమో అనుకున్నాం. మార్చిలో చిగురేసింది. చిగురుతో పాటు పిండినల్లి వచ్చింది, దాని వెనకే చీమలు. నీళ్లను వేగంగా కొట్టి కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రాలు చల్లుతూ వచ్చాం. తీగ కింద చీకటిగా ఉన్నప్పుడు ఈ పిండినల్లి ఎన్నేళ్లుగా ఉందో తెలియదు గాని, ఇప్పుడు కనీసం కంటికి కనబడుతోంది.

ఇక అసలు తగవు. అత్తయ్యకు తీగలు కావాలి. రాధామనోహరం పూర్తిగా పోతుందంటే మూతి ముడిచారు.

"నా పెళ్లయిన కొత్తలో మీ మామయ్య తెచ్చి నాటిన తీగ అమ్మాయ్ అది. దాన్ని పీకి పారేస్తావా?"

పారేయలేదు. వేళ్లతో సహా తవ్విన పిలకల్లో గట్టిదాన్ని వీధి గేటు పక్కన నాటి, గేటు మీద ఇనుప కమాను పెట్టించాం. అక్కడ ఎంత అల్లుకున్నా మోసేది ఇనుము. పూత తగ్గాక అడ్డొచ్చినంత మేర కత్తిరిస్తే చాలు. పాతచోట మిగిలిన వేళ్ల నుంచి పిలకలు మాత్రం ఏడాది పైనే వస్తూ ఉన్నాయి. కనబడ్డప్పుడల్లా గునపంతో మొదలంటా తీయడమే, పైపైన కోస్తే ఒకటి పోయి రెండు వస్తాయి. సన్నజాజికి సరుగుడు కర్రలతో వేరే పందిరి వేశాం. జాజిని జనవరిలో కత్తిరిస్తే కొత్త రెమ్మల మీద మొగ్గ వస్తుంది. కానీ దాని మాను ఏటేటా గట్టిపడేదే కాబట్టి చెట్టు మీదికి వద్దు. దొండపాదును గోరింట మీదికి వదులుదామని అత్తయ్య అన్నారు. ముదురు గోరింటకు ముళ్లుంటాయి, రోజు విడిచి రోజు దొండకాయలు కోసేది నేను. ఆ మాట అక్కడితో ఆగింది.

చెట్ల మీదికి మిగిలినవి రెండు: మందారాలకు శంఖుపూలు, నందివర్ధనానికి కాశీరత్నం. శంఖు తీగ కాండంతోనే చుట్టుకుంటుంది, కొక్కేలు లేవు, నులితీగలు లేవు. కాండం సన్నగా ఉంటుంది, చేత్తో విప్పినా వచ్చేస్తుంది. పైగా చిక్కుడు జాతిది, వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని తానే సమకూర్చుకుంటుంది. మందారం ఎరువుకు పెద్దగా పోటీ రాదు. కాశీరత్నం ఆకు ఈకలా చీలి ఉంటుంది, దాని నీడ ఉండీ లేనట్టే. తెల్లటి నందివర్ధనాల మధ్య చిన్న చిన్న ఎర్ర పూలు బాగుంటాయన్నది నా స్వార్థం.

ఎప్పుడు నాటాలన్నది పెద్దాయన తమలపాకు తోట లెక్కలో చెప్పారు. అక్కడ ముందు అవిసె చెట్టు గింజలు వేస్తారు. అవిసె మొక్కలు ఎదిగి తీగను మోయగలవన్నప్పుడే తమలపాకు తీగ నాటుతారు. పాకిన తీగను జమ్ముతో అవిసెకు కడతారు. నీడ ఎక్కువైతే అవిసె కొమ్మలు నరుకుతారు. ఏడాది గడిచాక తీగను కిందికి దించి, ఆకు లేని కింది భాగాన్ని చుట్టగా చుట్టి మట్టిలో కప్పుతారు. మోసే చెట్టును, పాకే తీగను రెండిటినీ ఏడాది పొడవునా చేత్తో సర్దుతూనే ఉంటారన్నమాట. "నాటి వదిలేసే తీగ అంటూ లేదమ్మా" అన్నారాయన. కత్తిరించిన మందారం కొత్త ఆకుతో నిండేదాకా ఆగమన్నారు. ఎండలు తగ్గిన జూన్ చివర్లో శంఖు గింజలను రాత్రంతా నానబెట్టి, మందారం మొదట్లో కాకుండా రెండడుగుల ఎడంగా, కొమ్మల అంచు కింద నాటాను. తూర్పు వైపున నాటితే పడమటి గాలి సెగ నుంచి లేత తీగకు చెట్టే చాటవుతుంది. తీగ చెట్టును అందుకునేదాకా ఏటవాలుగా ఒక వెదురు పుల్ల పెట్టి, అరటి నారతో వదులుగా కట్టాను. అరటి నార కొన్నాళ్లకు తనంతట తానే కుళ్లి ఊడిపోతుంది. ఇనుప తీగతో కడితే మర్చిపోతాం, అది బెరడులో దిగిపోతుంది.

రెండు నెలల్లోపే నీలం పూలు మొదలయ్యాయి. వారానికోసారి చెట్టు చుట్టూ తిరగడం అలవాటైంది. తీగ ఒకే కొమ్మ మీద గుత్తుగా చుట్టుకుంటే విప్పి ఖాళీ వైపుకు మళ్లిస్తాను. పైకొసను దాటి గాలిలో తడుముకుంటున్న కొసలను తుంచేస్తాను, దాంతో పక్క రెమ్మలు వస్తాయి. మందారం ఆకు ఎక్కడైనా సగానికి మించి కనబడకపోతే అక్కడ తీగను పలచన చేస్తాను. కాయలు ముదరనివ్వకూడదు, ముదిరితే పూత తగ్గుతుంది. ఎండిన కాయ చిట్లి గింజలు చిమ్మితే వానాకాలానికి పెరడంతా శంఖు మొలకలే. విత్తనానికి నాలుగు కాయలు ఉంచి మిగతావి కోసేస్తాను. అక్టోబరులో వానలకు ముందు ఒకసారి గట్టిగానే పలచన చేస్తాను. ఆ వారం పూజకు శంఖుపూలు తక్కువవుతాయి. అత్తయ్య సణుగుతారు గాని, ఒరిగిన మందారాన్ని ఆవిడా చూశారు కదా, ఆపమని అనరు.

జనవరి చివర మందారం కత్తిరించే రోజే శంఖు తీగను నేలకు కోసేస్తాను. వేరు పీకను, మట్టిలోనే వదిలేస్తాను. కొన్ని మొదళ్లు మళ్లీ చిగురిస్తాయి, కొన్ని చిగురించవు. జూన్‌లో కొత్త గింజ ఎలాగూ వేస్తాను. కాశీరత్నానికి అంత శ్రమ కూడా లేదు, గింజ కట్టి తనే ఎండిపోతుంది. ఎండిన తీగ నలిపితే పొడిపొడిగా రాలుతుంది.

పిలవకుండా వచ్చేవి మాత్రం ఆగవు. పిట్టలు గన్నేరు కొమ్మ మీద వాలి కాకిదొండ గింజలు వదిలి వెళుతుంటాయి. దాని కింద దుంప వేరు ఉంటుంది, పైన తెంపితే సరిపోదు. ఈ వానలకు గన్నేరు మొదట్లో మళ్లీ రెండు తీగలు లేచాయి. పెద్దాయన ఈసారి వచ్చినప్పుడు పార తెమ్మన్నాను. అత్తయ్యేమో ఆ ఎర్ర పండ్ల కోసమే కదా పిట్టలు వస్తున్నాయి, ఒక్కదాన్నైనా ఉంచమంటున్నారు.